మరకలక్క భోజనాల బల్ల

బట్టలుతికే దుకాణంలో ఆమెను అందరూ మరకలక్క అంటారు. సిరా, గ్రీజు, తుప్పు, లిప్‌స్టిక్, ఏది అంటుకున్నా ఆ చొక్కా ముందు ఆమె చేతికే వస్తుంది. ఉడుంపట్టు మనిషి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే రకం. అయితే వాదించి ఊరుకోదు, ఆ నాలుగో కాలు ఎక్కడ పోయిందో వెతికే రకం కూడా.

అంతటి మనిషి మాట సొంతింట్లో చెల్లడం మానేసింది. భర్త స్కూలు బస్సు నడిపేవాడు. పక్షవాతం వచ్చి తగ్గింది. నడక వచ్చింది, మాట వచ్చింది, కుడిచేతి వణుకు మాత్రం పోలేదు. ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం ఒలికిపోతుంది. అప్పట్నుంచీ ఆయన పళ్ళెం పడగ్గదిలోకే వెళుతోంది. ఒకప్పుడు బస్సులో పిల్లల అల్లరంతా ఒలకబోసి తన తల్లికీ, కూతురికీ పొలమారేలా నవ్వించిన మనిషి, ఇప్పుడు గోడ వైపు తిరిగి ఒంటరిగా తింటున్నాడు. పక్షవాతం చేసినదానికన్నా ఈ గోడే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

బల్ల దగ్గరికి ఎందుకు రారని అడిగితే, ఆ దిక్కుమాలిన బల్ల మీద ఎవడు తింటాడన్నాడు. బల్ల దిక్కుమాలిన మాట నిజమే. వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోయింది, ఒక కాలు ఊగుతుంది, మూలలు అరిగిపోయాయి. అది సాకని ఆమెకు తెలియక కాదు. సాకు చెప్పేవాడి చేతిలోంచి ఆ సాకు లాగేసుకుంటే ఇంకేం చెబుతాడో చూద్దామనుకుంది. బల్లను కొత్తదాన్ని చేసి తీరాలని అక్కడికక్కడే తీర్మానించుకుంది.

తీరా మొదలుపెడితే మొదటికే మోసం వచ్చింది. తెలిసిన విద్య వదిలిపెట్టరు కదా! చొక్కా కాలరుకు చేసినట్టే వేడినీళ్ళలో సబ్బుపొడి కలిపి, బల్ల నిండా తడిగుడ్డలు పరిచి నానబెట్టింది. తర్వాత బ్రష్షుతో శివాలెత్తినట్టు రుద్దింది. ఆరేసరికి చెక్క ఉబ్బి, పీచు లేచి, పిల్లి ఒంటిలా తయారైంది. అత్తగారు దాన్ని చేత్తో నిమిరి, "పెంచుకుందామంటావా అమ్మాయ్? పాలు పోయనా?" అంది.

రంగుల షాపతను ఫోన్‌లో ఫోటో చూసి నవ్వాపుకోలేకపోయాడు. "అక్కా, ఇది చొక్కా కాదు, చెక్క. నీళ్ళు పోస్తే మురికి వదలదు, అదే తాగి కూర్చుంటుంది" అన్నాడు. బాగా ఎండనిచ్చి, గరుకు కాగితంతో పాత వార్నిష్ మొత్తం తీసేశాకే రంగు జోలికి వెళ్ళమని చెప్పి పంపాడు.

ఇక చూడండి. దుకాణం నుంచి రావడం, కొంగు బిగించడం, రుద్దడం. మోచేతులు పీకేవి. జుట్టు నిండా చెక్కపొడి. అత్తగారు రోజూ వచ్చి చూసి, ఇదే వరసన పోతే బల్ల పోయి కాళ్ళు మిగులుతాయని దీవించేది. ఆయన మధ్యమధ్య గుమ్మం దాకా వచ్చి, ఇంకా కాలేదా అని అడిగి లోపలికి పోయేవాడు. ఆ ప్రశ్నలో తొందర లేదు, అయిపోతుందేమోనన్న బెంగే ఉందని ఆమె కనిపెట్టింది. ఇంకాస్త గట్టిగా రుద్దింది.

ఊగే కాలికి మేకు కొట్టించింది. సందుల్లో లప్పం పెట్టి, కాళ్ళకు మీగడ రంగు పెయింట్ వేసింది. పైచెక్కకు, చెక్కలోకి ఇంకే ముదురు గోధుమరంగు స్టెయిన్ పూస్తే, సబ్బు ఇంకిన చోటల్లా అంటక బొల్లి మచ్చల్లా తేలింది. కూతురు అయ్యో అని మూతి ముడిచింది. ఆమె అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గుడ్డతో చెక్క గీతల వెంట పూసి, ఆరిపోకముందే తుడిచేసింది. గుడ్డ పట్టుకోవడం ఆమెకు ఒకరు నేర్పాలా! చెక్కలోని గీతలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. పైన వార్నిష్ వేసి ఆరాక చూస్తే, ముఖం కనిపించేంత నునుపు. అత్తగారికి సైతం వంక దొరకలేదు, పాపం.

ఆ మధ్యాహ్నం నాలుగు పళ్ళేలు పెట్టి ఆయన్ని పిలిచింది. ఆయన వచ్చి నిలబడి, ఎడమచేత్తో బల్ల అంచును మెల్లగా తడిమాడు. కుడిచేతిని మాత్రం వెనక్కి దాచుకున్నాడు.

"ఎంత చక్కగా చేశావే! దీని మీద నేను ఒలకబోస్తే చూడలేను. నా పళ్ళెం గదిలోకి పంపు."

ఆమె గుండె చివుక్కుమంది. వెంటనే చచ్చేంత కోపం వచ్చింది. ఆయన మీద కాదు, బల్ల మీద. ఇన్నాళ్ళూ తను ఒళ్ళు హూనం చేసుకుని బాగుచేసింది బల్లనా, లేక ఆయనకు అడ్డంగా మరో గోడ కట్టిందా?

గబగబా వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఉడుకుతున్న కూరగిన్నెను దించి, కింద ఏమీ పెట్టకుండా, తెచ్చి బల్ల నట్టనడుమ పెట్టేసింది. చుర్రుమంది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆగి ఆమె గిన్నె ఎత్తింది. నిగనిగలాడే వార్నిష్‌లో గుండ్రంగా తెల్లటి మచ్చ తేలింది.

"మొదటి మచ్చ నేను వేశాను. ఇక మీ ఇష్టమొచ్చినంత ఒలకబోయండి. రండి, కూర్చోండి."

ఆయన ఆ మచ్చ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పిచ్చిదానా అని గొణిగాడు. కళ్ళు చెమర్చాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూతురు వడ్డించింది. చెయ్యి వణికింది, మెతుకులు పళ్ళెం చుట్టూ రాలాయి, కూర జారి బల్ల మీద పడింది. పడిన మరకను అప్పటికప్పుడు తుడిచెయ్యడం ఆమె ఒంట్లో జీర్ణించుకుపోయిన పని. ఎడమచెయ్యి దానంతటదే గుడ్డ కోసం లేచింది. ఆమె దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఆయన తినడం పూర్తయ్యేదాకా మోకాళ్ళ మధ్య నొక్కిపట్టుకుని కూర్చుంది.