ఏట్లో లేచి నిలబడినాం

పోయిన నెల నేను కర్ణాటకలో ఒక ఏట్లో పడి, గోవా దాకా కొట్టుకపోయి, సముద్రం తగలబోయే ముందు వెనక్కి వచ్చినా. అంత దూరం పోలేదని మావాళ్లంటారు. ఏట్లో పడింది నేను. దూరం లెక్కపెట్టేది గట్టున నిలబడినోళ్లు. ఎవరి మాట వింటారో మీ ఇష్టం. బతికే ఉండా కాబట్టి భయపడకుండా వినండి.

మాది ఆళ్లగడ్డ. ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా చేసి రిటైరైనా. ఇప్పుడు డెబ్భై ఒకటి. మా చర్చిలో స్త్రీల సమాజం ఉండాది, ఏడాదికోసారి అందరం కలిసి యాడికన్నా పోయొస్తాం. పోయినేడు గండికోట పోయినాం. కోటగోడ ఎక్కి, "ఈడ నుంచే శత్రువుల మీద కాగిన నూనె పోసేవాళ్లు" అని మిగతా ఆడోళ్లకు పాఠం చెప్తా చెప్తా ఒక్కడుగు వెనక్కేసినా. మూడు నెలలు మంచం. ఆ మూడు నెలలూ నన్ను ఎత్తి దించింది మా కొడుకు ప్రభాకర్. మబ్బు పడితే వాని నడుము ఇప్పటికీ నొస్తాదంట.

అందుకే ఈసారి దాండేలి పోతామనగానే వాకిట్లో అడ్డం నిలబడినాడు.

"మా, పోతే పో. ఒంటి మీద ఒక్క గీత పడి వచ్చినా ఇదే ఆఖరు. ఇంక ఇల్లు, చర్చి, అంతే. గోస్పాడులో పెండ్లికి కూడా పంపను."

మా ఇంటికీ చర్చికీ మధ్య రెండే వీధులు. ఆ రెండు వీధుల్లో నేను ఎంతని తిరిగేది? ప్రాణం పోయినా పర్వాలేదు గానీ గీత పడకూడదని ఒట్టేసుకోని టెంపో ఎక్కినా. దాండేలిలో ఏముండాదని వాడు అడిగితే, "ఏరుండాది, చెట్లుండాయి" అన్నా. ఆ ఏట్లో రబ్బరు పడవలో రాళ్ల మీద నుంచి దూకుతారని అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ఆలోచన మా సుగుణ వదినది. నంద్యాలలో ఉంటాది, మా అన్న పెండ్లాం. నాకంటే రెండేండ్లు పెద్ద, నాకంటే నాలుగింతలు తిక్క. ఫోన్లో ఎవరో పిల్లలు పడవలో ఎగురుతా కేకలేసేది చూసి, "మార్తా, చచ్చేలోపల మనం కూడా ఇట్ల అరచాల" అనింది. ఆమెతో కలిపి మొత్తం ఏడుగురం. పెద్దదిక్కు మా పాస్టరయ్య భార్య. ఆమెను అందరం అమ్మగారంటాం. జన్మలో అబద్ధమాడని మనిషి. అదే మాకు పెద్ద తలనొప్పి.

పడవల ఆఫీసులో వయసు అడిగినారు. అరవై దాటితే ఎక్కించరంట. నేను యాభై తొమ్మిది అని రాసినా. అది అబద్ధమెట్లయితాది? ఒకప్పుడు నాకు యాభై తొమ్మిదే. అమ్మగారి వంతు వచ్చేసరికి కాగితం నేనే లాక్కోని నింపి, సంతకం మాత్రం ఆమెతో పెట్టించినా. పాపం, ఆమెకు దగ్గరి చూపు ఆనదు.

చీరలు కుదరవన్నారు. నేను మా కోడలు శాంతి చుడీదారు వేసుకున్నా. సుగుణ వదిన నైటీ కింద మా అన్న ప్యాంటు తొడిగింది. దాని మీద లైఫ్ జాకెట్లు బిగించేసరికి ఏడుగురం యూరియా బస్తాల మాదిరి అయినాం. హెల్మెట్టు నా కొప్పు మీద కూచోలేదు. కొప్పు విప్పేది లేదన్నా. చివరికి హెల్మెట్టు ఎనక్కి వాలి, ఆకాశంలో పిట్టల్ని లెక్కపెడతాన్నట్టు అయింది నా మొగం.

గైడు పేరు బసవరాజు. నలభై దాటిన మనిషి, పెద్ద మీసాలు. బళ్లారి పక్కన పనిచేసినాడంట, తెలుగు బాగనే వస్తాది. "అమ్మా, ఒకటే రూలు. నేను కూచోమన్నప్పుడు కూచోవాల, తెడ్డు వేయమన్నప్పుడు వేయాల. ఏమి జరిగినా పడవలో లేచి నిలబడొద్దు" అన్నాడు. నేను పంతులమ్మను గదా, అందరి చేతా మూడుసార్లు చెప్పించినా. "లేచి నిలబడొద్దు." క్లాసంతా ఏకకంఠం. బసవరాజు సంతోషపడినాడు. అట్లాంటి స్టూడెంట్లు తనకు ఎప్పుడూ దొరకలేదన్నాడు.

మొదటి దూకుడు చిన్నది. రెండంతస్తుల మేడ ఎత్తు ఉంటాది, అంతే. నేను ఒక్క చేత్తో దాటించినా. రెండో దాంట్లో పడవ ఎగిరినప్పుడు నా తెడ్డు పిడి పోయి సుగుణ వదిన మూతికి తగిలింది. ఆమె పైపళ్ల సెట్టు గాల్లో గిరగిరా తిరిగి ఏట్లో పడింది. ఈపాటికి ఏదో చేప దాన్ని పెట్టుకోని చుట్టాలింటికి పోయి ఉంటాది.

"నా పళ్లు తియ్యే, మార్తా" అని వదిన తెడ్డెత్తింది. ఆమె నన్ను కొట్టబోతే బసవరాజు అడ్డం వచ్చినాడు. దెబ్బ ఆయన ముక్కు మీద పడింది. మీసాల మీదికి రక్తం కారుతాంటే అదురు బెదురు లేకుండా, "అమ్మా, ఇంకొకటే ఉంది. అది కొంచెం కష్టం" అన్నాడు.

కొంచెమంట. ముందర చూస్తే ఏరు సగానికి తెగి కిందికి పడతాంది. మూడంతస్తుల అలలు. ఏనుగులంత రాళ్లు, నల్లగా, తడిసి. ఆ శబ్దానికి పక్కోళ్ల మాట వినపడదు. బసవరాజు పడవను ఒక బండ చాటున ఆపి, "తాడు గట్టిగా పట్టుకోండి, ఇప్పుడు పోతాం" అన్నాడు.

అప్పటిదాకా కండ్లు మూసుకోనే కూచున్న అమ్మగారు అప్పుడు నోరు తెరిచింది.

"ప్రార్థన చేసుకుందాం."

మీకు మా చర్చి సంగతి తెలియదు. నలభై ఏండ్లుగా ఆమె ఆ మాట అనడం, మేము లేచి నిలబడడం. జ్వరమొచ్చినా లేస్తాం, నిద్రలో ఉన్నా లేస్తాం. అది మెదడు దాకా పోయే మాట కాదు, చెవిలో నుంచి నేరుగా మోకాళ్లకు పోతాది. ఏడుగురం ఒక్కసారిగా లేచినాం. తెడ్లు కింద పెట్టినాం. తల మీద కొంగు కప్పుకోబోతే కొంగు లేదు, హెల్మెట్టు ఉంది, అది చాల్లే అనుకోని చేతులు జోడించి కండ్లు మూసుకున్నాం.

"అమ్మా, కూచోండి, కూచోండి" అని బసవరాజు మొత్తుకుంటాండాడు. ప్రార్థన మధ్యలో కూచునేది యాడన్నా ఉంటాదా? ఆమెన్ అనే దాకా ఆగాల గదా. అమ్మగారిది పెద్ద ప్రార్థన. ఆళ్లగడ్డ రోగులందరి పేర్లూ చెప్పింది, దొర్నిపాడు పొలాలకు వాన అడిగింది. పరీక్షలు రాసే పిల్లల కాడికి వచ్చేసరికి పడవ బండ చాటు నుంచి జారి అడ్డం తిరిగింది. ఆమెన్ రాలేదు. నీళ్లొచ్చినాయి.

అందరికంటే ముందు పడింది బసవరాజు. కూచోని ఉన్నోడు ఆయనొక్కడే, అయినా ముందు ఆయనే పడినాడు, దేవుని లెక్కలు మనకు అర్థం కావు. ఆయన ఎనకాల మేము, ఒకరి మీద ఒకరం. నేను నీళ్లల్లో మునిగి, అడుగున ఇసుక చూసి, పైకొచ్చి, మళ్లీ మునిగినా. గట్టు మీద నుంచి ఎవరో తాడు విసిరినారు. నేను తాడనుకోని సుగుణ వదిన ప్యాంటు పట్టుకున్నా. ప్యాంటు నా చేతికొచ్చింది, వదిన ముందుకు పోయింది. అంతలో నా ఎడమ పాదం రెండు రాళ్ల సందులో ఇరుక్కోని మెలిక తిరిగింది. ఆ నొప్పిలో నాకు దేవుడు గుర్తు రాలేదు, చచ్చిపోయిన మా ఆయన గుర్తు రాలేదు. "గీత పడిందే, ప్రభాకర్‌కు ఏం చెప్పాల" అనే అనుకున్నా.

చిన్న పడవోళ్లు వచ్చి అందరినీ ఏరుకున్నారు. మిగతావాళ్లకు చర్మం దోక్కపోయింది, అంతే. నా చీలమండ మాత్రం గుమ్మడికాయంత అయింది.

తిరుగుదారిలో నంద్యాలలో ఆగినాం. సుగుణ వదిన ఆడనే దిగాల. వాళ్ల వీధిలో ఎముకలకు కట్టుకట్టే ఆయన ఉండాడు. చూసి, "విరగలేదమ్మా, బెణికింది. మూడు వారాలు అడుగు కింద పెట్టొద్దు" అన్నాడు.

"మూడు గంటలైతే చాలదా నాయనా?"

ఆయన గుడ్డు సొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టినాడు. నూనెలో వేసేదొక్కటే తక్కువ. నేను చీర కట్టుకోని కుచ్చిళ్లు కిందికి దించి కట్టు కనపడకుండా చేసినా. నడక ఎట్ల దాచాల? టెంపోలోనే మీటింగు పెట్టి, అందరూ కుంటాలని తీర్మానం చేసినాం.

"కుంటడం కూడా అబద్ధమే, మార్తా" అని అమ్మగారు ఒప్పుకోలేదు. ఆమె కునుకు తీసేటప్పుడు ఎడమ చెప్పు వారు తెంపినా. ఇప్పుడు ఆమె కుంటుడు సత్యం.

ఆళ్లగడ్డలో ప్రభాకర్ స్కూటరేసుకోని నిలబడినాడు. ఆరుగురం వరసగా దిగి, వరసగా కుంటినాం.

"ఏందిమా, అందరూ ఇట్ల నడుస్తాండారు?"

"టెంపోలో కాళ్లు తిమ్మిరెక్కినాయి నాయనా."

"అందరికీ ఎడమ కాలేనా?"

"అందరం ఎడమ పక్క సీట్లల్లోనే కూచున్నాం."

వాడు ముక్కు ఎగబీల్చినాడు. "గుడ్డు వాసనొస్తాంది."

"దారిలో ఆమ్లెట్టు తిన్నా."

నమ్మినాడు. గెలిచినా. నోరు మూసుకోని కూచునుంటే కథ ఆడికే అయిపోయేది.

మరుసటి రోజు ఆదివారం. చర్చిలో సాక్ష్యాల సమయం, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పుకునేది. నేను పెదాలు బిగబట్టుకోని కూచున్నా. ముందు వరసలో ఒకామె లేచి, తప్పిపోయిన పాడి ఎనుము రెండు దినాలకు ఇంటికి తిరిగొచ్చిందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టినారు. ఎనుము తిరిగొస్తే చప్పట్లు. సముద్రం అంచు నుంచి తిరిగొచ్చిన మనిషి మూల కూచోవాలనా? నాకు తెలియకుండానే మైకు నా చేతిలో ఉంది. అలలు చెప్పినా, రాళ్లు చెప్పినా, నీళ్లల్లో రెండు గంటలు ఈదింది చెప్పినా. జనం పడీపడీ నవ్వినారు. మగవాళ్ల వైపు అందరికంటే ఎక్కువ నవ్వింది మా ప్రభాకరే.

వాడు కట్టుకథ అనుకున్నాడని, బయటికొచ్చినాక కుచ్చిళ్లెత్తి కట్టు చూపించినా. వాడు భుజం తట్టి, "టెంపో మెట్టు దిగతా మడతపడి ఉంటాదిలే మా. ఎవరికైనా అయితాది. దానికి నువ్వు ఏటి కథ కట్టినావు. వచ్చే ఏడు కూడా పోదువులే" అన్నాడు.

అర్థమైందా? ఊరు తిరిగే పర్మిషను నా చేతిలో పెట్టినాడు. నేను "అవును నాయనా, మెట్టే" అంటే చాలు.

టెంపో మెట్టంట.

పడవలోళ్లు అమ్మగారి ఫోనుకు వీడియో పంపించినారని నాకు తెలుసు. ఫోను తీసుకోని వాని ముందర పెట్టినా. మొత్తం పదకొండు సెకన్లు. కండ్లు మూసుకోని ఏడుగురు ఆడోళ్లు నిలబడి ఉంటారు, పడవ ఒరుగుతాది, ఎవరూ ఉండరు. ప్రభాకర్ ఒకసారి చూసినాడు. కండ్లద్దాలు పెట్టుకోని మళ్లీ చూసినాడు.

"ముందర నిలబడింది నేనే. ఆ అల చూడు" అన్నా.

"అల సరే మా. అందరూ ఎందుకు లేచి నిలబడినారు?"

"ప్రార్థన గదా నాయనా."

ఫోను నా చేతికిచ్చినాడు. "ఇంక యాడికీ పోయేది లేదు."

నా కథ నిజమని తేలింది, నేను మాత్రం ఇంట్లో పడినా. కానీ ఊరు ఊరుకోదు గదా. వీధిలోవాళ్లు, నా దగ్గర చదువుకున్నోళ్లు, చాగలమర్రి చుట్టాలు, దినమంతా వస్తానే ఉండారు. పదకొండు సెకన్ల సంగతి చెప్పేదానికి నాకు గంటన్నర పడతాంది. వచ్చినోళ్లకు టీ పెట్టేది శాంతి. వంటింట్లో నుంచే దిద్దేది: "నిన్న అల మూడంతస్తులన్నావు అత్తా, ఈ పొద్దు అయిదంటాండావు."

మూడో వారం వంటింట్లో మొగుడూ పెండ్లాం మాట్లాడుకునేది వినపడింది.

"మీ అమ్మను యాడికన్నా పంపించు. నీళ్లుండే చోటైనా సరే."

"మళ్లీ పడితే?"

"ఆడ పడితే ఒకసారే పడతాది. ఈడ దినానికి ఆరుసార్లు పడతాంది, ఆరుసార్లూ నేనే టీ పెట్టాల."

పొద్దున చూస్తే నా బ్యాగు సర్ది వాకిట్లో పెట్టి ఉండాది. యాడికి నాయనా అంటే, "నీ ఇష్టం మా" అన్నాడు.

ఇన్నాళ్లూ ప్రేమ కొద్దీ నన్ను ఆపుతాండాడని మురిసిపోయినా. నా మాటలు వింటా నన్ను ఇంట్లో పెట్టుకునేదాని కంటే, ఏటికి అప్పజెప్పేదే సులభమని వానికి ఇప్పుడు తెలిసొచ్చింది.