పిట్టగోడ వెనక లైటు

ఆ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడంకి పిల్లలు పెట్టిన పేరు సుడిగాలి. పేరు పెట్టినవాడెవడో గాని వాడికి నిండా మార్కులు వెయ్యాలి. ఆవిడ వరండాలో నడిచిందంటే నోటీసు బోర్డు మీది కాగితాలు రెపరెపలాడేవి. క్లాసులో కుర్చీ ఉండేది గాని అందులో ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. స్టాఫ్ రూములో అందరూ టీ తాగుతూ లోకాభిరామాయణం చెప్పుకుంటుంటే ఈవిడ మాత్రం కప్పు పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ ఉండేది. "కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు, కాస్త కూర్చోవమ్మా" అని తోటివాళ్ళంటే "కూర్చుంటే తోచదండీ" అనేది.

ఆవిడ పుట్టుకే అంత. చిన్నతనంలో ఆగిపోయిన గోడ గడియారాన్ని విప్పి మళ్ళీ బిగిస్తే రెండు మరలు మిగిలిపోయాయి. గడియారం మాత్రం నడిచింది. "ఇవి లేకపోయినా నడుస్తోందిగా నాన్నా, మరెందుకు పెట్టారంటావు?" అని తండ్రి ప్రాణం తీసింది. లారీ నడిపే ఆ పెద్దమనిషి "దీన్ని చదివించకపోతే ఇల్లంతా విప్పి పోగు పెడుతుంది" అని భయపడి కాలేజీలో చేర్పించాడు. అలా మొదలైన చదువు ఉద్యోగం దాకా వచ్చి ఆగింది. మనిషి మాత్రం ఆగలేదు.

భర్తది రైలు బళ్ళ మీద తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఎక్కువగా ఉండేది ఆవిడా, అత్తగారూ. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ జాకెట్లు కుట్టేది. రోజంతా కూర్చునే అత్త, రోజంతా నిలబడే కోడలు. "మనిద్దరినీ కలిపి సగం చేస్తే ఇద్దరు మంచి మనుషులు వచ్చేవాళ్ళే" అనేది ఆ ముసలావిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇక కాలేజీలోని మహిళా కేంద్రం ఆవిడ నెత్తికెలా వచ్చిందో వినండి. ఆ బాధ్యత ఎవరికివ్వాలని ప్రిన్సిపాల్ మీటింగు పెట్టాడు. అందరూ తలలు దించుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఈవిడొక్కతే నిలబడి ఉంది. నిలబడ్డవాళ్ళకి పని తగులుకోవడం లోకరీతి.

కేంద్రమంటే ఏ మహలో అనుకునేరు. ఫిజిక్స్ ల్యాబ్ మెట్ల పక్క గది. గోడలకి పోస్టర్లు, మూలన కాళ్ళు విరిగిన బల్లలు, గట్టిగా తిరిగితే ఊడిపడుతుందేమోనని మెల్లగా తిరిగే ఫ్యాను. అప్పుడప్పుడూ ప్రోగ్రాములు పెట్టేవారు. వచ్చిన వక్త, పిలిచిన మేడం, మైకు పట్టుకున్న కుర్రాడు, వీళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. శ్రోతల సంగతి అడక్కండి. పక్కూరు నుంచి శ్రమపడి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఖాళీ కుర్చీలకి రక్తహీనత గురించి చెప్పి వెళ్ళినరోజు మేడంకి తల కొట్టేసినట్టయింది.

ఊరుకునే మనిషా? మర్నాడే స్టాఫ్ రూమంతా చుట్టేసింది. "మీ క్లాసుని మా ప్రోగ్రాముకి పంపండి. వచ్చినవాళ్ళకి మీ పీరియడు అటెండెన్స్ వేసెయ్యండి. కేంద్రంలో చెప్పేదీ మనం చెప్పే చదువే గదా, రెండూ కలిపేద్దాం" అంది. పాఠం చెప్పక్కర్లేకుండా పీరియడు గడిచిపోతుందంటే వద్దనే మాస్టారు ఎక్కడుంటాడు? అందరూ సరేనన్నారు. ఇన్నాళ్ళూ లేని ఆడవాళ్ళ సమస్యల మీద ప్రేమ అందరికీ ఒక్కసారే పొంగుకొచ్చింది.

అలా పెట్టిన మొదటి ప్రోగ్రాముకి ముందురోజు సాయంత్రం మేడం స్టూలెక్కి బ్యానరు కడుతుంటే, రెండో ఏడాది పిల్ల ఒకతె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. క్లాసులో ఎప్పుడూ రెండో బెంచీలో, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. మిగతావాళ్ళు కటకాలని అటూ ఇటూ జరుపుతూ తంటాలు పడుతుంటే, ఈ పిల్ల ఊపిరి బిగబట్టి ఒక్కసారి జరిపితే చాలు, తెర మీద బొమ్మ నిలిచేది. వాళ్ళింట్లో పై చదువుకొచ్చిన మొదటి మనిషి తనే.

"మేడం, మీతో ఒక విషయం చెప్పాలి."

"చెప్పమ్మా, చెప్పు" అంది మేడం. పళ్ళ మధ్య తాడు, చేతిలో సుత్తి.

"ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఆలోచించుకుని రేపు చెప్తాను."

"సరే, రేపిదే టైముకి రా. ఇక్కడే ఉంటాను."

రేపిదే టైముకి అక్కడ ఊరూ వాడా ఉంటుందన్న సంగతి, బ్యానరు కడుతున్న ఆ మనిషికే తట్టలేదు.

మర్నాడు గది కిక్కిరిసిపోయింది. పిల్లలు కిటికీల మీద కూర్చున్నారు, మెట్ల దాకా నిలబడ్డారు. సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రశ్నలడగమంటే ఒకడు లేచి "అటెండెన్స్ ఎప్పుడు తీసుకుంటారు మేడం?" అన్నాడు. అయినా ప్రిన్సిపాల్ మాత్రం ఉబ్బితబ్బిబ్బై "చూశారా, చదువునీ కేంద్రాన్నీ మా మేడం ఎలా ముడిపెట్టారో!" అని అతిథికి చెప్పుకున్నాడు. గుమ్మం దగ్గర పిల్లల్ని లోపలికి పంపే పని మేడం మైకుకి అప్పగించింది. మైకంటే యంత్రం కాదు, ఆఖరి ఏడాది కుర్రాడు. ఎవరూ రాని రోజుల్లో కూడా వచ్చి మైకు బిగించి, తీగలు చుట్టి, కుర్చీలు సర్దిపెట్టేవాడు గనక ఆ పేరు పడింది. మేడంకి కుడిభుజం.

తలల మీదుగా మేడంకి రెండో బెంచీ అమ్మాయి మొహం గుమ్మంలో కనబడింది. ఆ పిల్ల ఒక్క అడుగు లోపలికేసి, చటుక్కున వెనక్కి తిరిగింది. మేడం జనాన్ని తోసుకుంటూ వెళ్ళేసరికి లేదు.

ఆ రోజు నుంచి అమ్మాయి సాయంత్రం ల్యాబుకి రావడం మానేసింది. పొద్దున క్లాసులకి వస్తుంది, మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళిపోతుంది. ల్యాబ్ ఎగ్గొడితే పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఆ ఇంట్లో ఇంకో ఏడాది చదివిస్తారన్న నమ్మకం లేదు. ఈ లెక్క మేడంకి తెలుసు, పిల్లకీ తెలుసు.

మేడం పట్టుకుని అడిగింది. "ఏమైందమ్మా? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

పిల్ల తల దించుకుంది. "చెప్తే ఎవరని అడుగుతారు మేడం. ఎవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళ మీద ఏమని చెప్పను?" అనేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేడంకి అన్నం సయించలేదు. ముందుగదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతుంటే అత్తగారు మిషను ఆపింది.

"ఏమే, నా కళ్ళు తిరుగుతున్నాయి. విషయమేమిటో చెప్పి తిరుగు."

చెప్పింది. ముసలావిడ అంతా విని బుగ్గ నొక్కుకుంది. "పిల్ల ఒక్కతె గుట్టుగా చెప్పుకుందామని వస్తే, నువ్వు పెళ్ళి జనాన్ని పోగేసి కూర్చున్నావు. బాగుందమ్మా మీ చదువుకున్నవాళ్ళ తెలివి."

"అదే గదత్తయ్యా నా బాధ! మళ్ళీ పిలిస్తే రాదు. వచ్చినా చెప్పదు."

"మీ గదికి రమ్మని ఎన్నాళ్ళు పిలుస్తావు? అది నడిచే దారిన నువ్వెళ్ళి చూడరాదూ?" అని ముసలావిడ మళ్ళీ మిషను తొక్కింది.

మేడం టక్కున ఆగిపోయింది. ఆగడం ఆవిడకి అలవాటు లేదు గనక అత్తగారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

పాఠాల వరసలో తర్వాత రావలసింది వెలుతురు కొలవడం. ఏటా దాన్ని చీకటి గదిలో, ఒక బల్బూ ఒక స్కేలూ పెట్టుకుని, పిల్లలు ఆవలిస్తుంటే చెప్పేసేవారు. కేంద్రం తరఫున ఆ వారంలో జరగాల్సింది భద్రత మీద ఉపన్యాసం. మేడం ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్ళి "ఈసారి ఉపన్యాసం లేదండీ. పాఠమే ప్రోగ్రాము" అంది.

"బాగానే ఉంది గాని మేడం గారూ, అతిథి ఎవరు?"

"లక్స్ మీటరండీ."

అది వెలుతురు కొలిచే పరికరం. ప్రిన్సిపాల్‌కి మాత్రం అదెవరో అర్థం కాలేదు. అడిగితే బాగుండదని తలూపాడు.

పిల్లలకి పని చెప్పింది. ల్యాబ్ అయిపోయే వేళకి ఎవరు ఏ దారిన ఇంటికో హాస్టలుకో వెళ్తారో, ఆ దారి పొడుగునా వెలుతురు కొలవాలి. ఎక్కడ తక్కువుందో, ఎక్కడ ఎక్కువుందో, ఎందుకో చెప్పాలి. మార్కులుంటాయి. రెండో బెంచీ అమ్మాయి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి "నీతో గేటు దాకా నేనొస్తాను" అంది. పిల్ల సరేనంది.

మసకపడే వేళ క్లాసు క్లాసంతా మీటర్లు పట్టుకుని ఆవరణంతా తిరిగారు. చెట్ల కింద దూరారు, సైకిళ్ళ షెడ్డులో పడ్డారు, ఒకడు కాలవలో కూడా పడ్డాడు. మేడం అమ్మాయి పక్కన నడిచింది గాని ఒక్క ప్రశ్న అడగలేదు. అడక్కుండా ఉండడానికి నాలుక కరుచుకోవలసి వచ్చింది.

మర్నాడు క్లాసులో అందరూ లేచి చదివారు. లైబ్రరీ వెనక చీకటి, షెడ్డులో బల్బు లేదు, ఇలాగే. రెండో బెంచీ అమ్మాయి వంతు వచ్చింది.

"గేటు దగ్గర అన్నిటికంటే ఎక్కువుంది మేడం. కాని నాకు భయం వేసేది అక్కడే."

వెనక నించి ఒకడు నవ్వాడు. "అక్కడ పెళ్ళిపందిరంత వెలుతురు కదా!"

"నేను రెండు చోట్ల కొలిచాను" అంది పిల్ల. "ఒకటి నేను నడిచే చోట. రెండోది గేటు పక్కన, కుర్రాళ్ళు కూర్చునే పిట్టగోడ మీద. లైటు స్తంభం గోడ వెనకుంది. దాని మొహం దారి వైపుకుంది. గోడ మీద కూర్చున్నవాళ్ళ మొహం ఉండే చోట మీటరుని దారి వైపు తిప్పి పెడితే ముల్లు కదల్లేదు. వెలుతురంతా నా కళ్ళల్లో పడుతుంది. వాళ్ళకి నేను జడకి పెట్టుకున్న పిన్నుతో సహా కనిపిస్తాను. నాకు వాళ్ళ మాటలే వినిపిస్తాయి. రోజూ. మొహాలు కనపడవు. అందుకే ఎవరంటే చెప్పలేను."

మొదటి బెంచీలో ఇంకో అమ్మాయి లేచింది. "అక్కడికి రాగానే నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుంటాను మేడం. అవతల ఎవరూ ఉండరు." ఇంకో పిల్ల తను చుట్టు తిరిగి వెనక గేటు నుంచి వెళ్తానంది. ఇందాక నవ్వినవాడు కాసేపటికి "మేమూ ఎప్పుడైనా కూర్చుంటాం అక్కడ. అక్కణ్ణించి అందరూ భలే కనపడతారు" అని, తనేమన్నాడో తనకే వినపడి, చెవులు ఎర్రబడి కూర్చుండిపోయాడు.

దీపం కింద చీకటి అని చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. ఇన్నేళ్ళు వెలుతురు పాఠం చెప్పి, రోజూ ఆ గేట్లోంచే ఇంటికెళ్ళి, ఒక్కనాడైనా చూడలేదే అని మేడం తనని తాను తిట్టుకుంది.

లైటు తిప్పాలంటే కమిటీ వెయ్యాలన్నాడు ప్రిన్సిపాల్. వేసుకోండంది మేడం, వేసుకుంటూ ఉండండంది, తిన్నగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి నిచ్చెన పట్టించుకొచ్చింది. "రాసిన కాగితం ఉండాలి మేడం" అని అతను నసిగాడు. "నేనే కాగితాన్ని. ఎక్కు" అంది. నిచ్చెన కింద తనే పట్టుకుంది. అతను లైటు కొమ్మని గోడ మీదుగా దారి మీదికి లాగి, తల గోడ వైపు వంచేసరికి గోడా, దారీ సమానంగా వెలిగాయి.

ఆ సాయంత్రం ల్యాబ్ అయ్యాక అమ్మాయీ, మేడమూ కలిసి గేటుకేసి నడిచారు. అలవాటు చొప్పున నలుగురు కుర్రాళ్ళు కబుర్లలో పడి వచ్చి పిట్టగోడ ఎక్కి కూర్చున్నారు. కూర్చున్నాక గాని తామెంత స్పష్టంగా కనిపిస్తున్నారో వాళ్ళకి తెలియలేదు. మధ్యలో ఉన్నవాడు మేడంని చూసి గభాలున చెయ్యెత్తాడు.

"నమస్తే మేడం! తర్వాతి ప్రోగ్రాముకి కుర్చీలు నేను చూసుకుంటాను, మీరేం కంగారుపడకండి."

మైకు.

అమ్మాయి మేడం మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆ గొంతే మేడం."

"సరిగ్గా చూడమ్మా. అతను..."

"రోజూ విన్న గొంతు. ఆ రోజు మీ గుమ్మంలో 'రండి రండి, లోపల చోటుంది' అన్నది కూడా ఇదే. లోపలికెలా వస్తాను? మీ మనిషాయె. మొహం చూడకుండా గొంతు ఒకటేనంటే ఎవరు నమ్ముతారు? అందుకే తెలీదన్నాను."

పిల్ల జనాన్ని చూసి బెదిరిందనుకుంది మేడం ఇన్నాళ్ళూ. ఆ పిల్ల ఎవరి నుంచి తప్పించుకుందామని తన దగ్గరికొచ్చిందో, సరిగ్గా వాణ్ణే తను గుమ్మంలో కాపలా పెట్టింది. సుడిగాలి పేరు నిలబెడుతూ అటు దూకబోయింది.

"ఉండండి మేడం" అంది అమ్మాయి.

తనే వెళ్ళింది. గోడ ముందు, ఆ వెలుతురులో, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"రోజూ ఏదో అంటారుగా. ఇప్పుడనండి."

పక్కవాళ్ళు ఒక్కొక్కరే గోడ దిగారు. అతను ఆఖరున దిగాడు.

అమ్మాయి వెనక్కి వచ్చింది. "ఇప్పుడు ఎవరో తెలుసు కదా మేడం. రాసిస్తాను" అంది. మర్నాడు రాసిచ్చింది. దాని కింద ఇంకో ఇద్దరు ఆడపిల్లలు సంతకం పెట్టారు. విచారణ వేశారు, మైకుని కేంద్రం నుంచి తప్పించారు. అతను మంచివాడేనని వాదించడానికి స్టాఫ్ రూములో మనుషులకి కరువు రాలేదు. అమ్మాయి మాత్రం ల్యాబుకి వచ్చింది. కిటికీ పక్కన నిలబడి కటకం జరిపితే తెర మీద బొమ్మ నిలిచింది.

మేడంకి ఇప్పటికీ మనసు కుదురుగా లేదు. క్లాసులో హాజరు పిలుస్తూ ఒక్కో గొంతు "ప్రెజెంట్ మేడం" అన్నప్పుడల్లా తలెత్తి ఆ మొహం చూస్తుంది. ప్రోగ్రాములకి అటెండెన్స్ ఆశ చూపడం మానేసింది. కేంద్రం గుమ్మంలో కూడా ఇంకెవర్నీ నిలబెట్టలేదు. సాయంత్రం ల్యాబ్ వదిలే వేళకి తలుపు తీసి తనే నిలబడుతుంది. ఎలాగూ కూర్చునే మనిషి కాదు గదా.