మంచం మీద ముసలాయన

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరందరికీ చెప్పే మైకు మాస్టారుకు ఆ బస్సులు కనబడవు. నడివయసులో చూపు పోయింది, ఖంగుమనే గొంతు మిగిలింది. రోజూ భార్యే చెయ్యి పట్టుకుని మైకు గదిలో దిగబెట్టేది. ఆవిడ చూసి చెప్పిందే ఆయనకు లోకం.

కొంతకాలంగా ఆవిడ దగ్గరికి రానివ్వడం లేదు. దగ్గు అంటుకుంటుందని వేరే గదిలో పడుకుంటోంది. బస్టాండుకు ఆటో మాట్లాడి పంపుతోంది. గొంతులో నీరసం. "ఏమైందే?" అంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. మాస్టారుకు నమ్మకం కుదరలేదు. కళ్ళు లేనందుకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

అంతలో మేనకోడలు బస్టాండుకొచ్చి ఆయన ఫోనులో ఒక యాప్ పెట్టింది.

"కెమెరా తిప్పితే ఎదురుగా ఏముందో చెబుతుంది మావయ్యా. కుర్చీ ఇలా ఉంటుంది, కుక్క ఇలా ఉంటుంది అని లక్షల ఫొటోలు చూపించి నేర్పారు. కొత్తది కనబడితే వాటితో పోల్చుకుంటుంది."

మాత్రల పేరు, చొక్కా రంగు, డబ్బాలో ఉన్నది ఉప్పో పంచదారో అన్నీ చెప్పేది. తప్పులూ చేసేది. ఒకసారి గుమ్మడికాయను బంతి అంది. మాస్టారు ఆ ముక్క చెప్పి బస్టాండంతా నవ్వించారు.

ఒక సెలవురోజు ఆవిడ స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్న చప్పుడు వినబడింది. ఇదైనా నిజం చెబుతుందని మాస్టారు గుమ్మంలో నిలబడి ఫోను అటు తిప్పారు.

"మంచం మీద ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. తల మీద జుట్టు లేదు. చాలా సన్నగా ఉన్నాడు."

మాస్టారు పగలబడి నవ్వారు. "ఎవడే వీడు, నా మంచం మీద! మొన్న గుమ్మడికాయ, ఇవాళ నువ్వు!"

ఒకటంటే నాలుగనే మనిషి, పల్లెత్తు మాట అనలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. తడుముకుంటూ వెళ్ళి చెయ్యి చాచారు. జుట్టు ఉండాల్సిన చోట నున్నటి మాడు తగిలింది. ఆడమనిషిని మగాడనడం తప్ప ఫోను చెప్పిందంతా నిజమే.

"క్యాన్సరు," అందావిడ. "మందులకు ఊడిపోయింది. మీ మనసులో నేనింకా పాత మనిషినే కదా. అలాగే ఉండిపోదామనుకున్నాను."

"ఆసుపత్రికి తోడెవరొచ్చారే?"

"ఎవరొస్తారు? ఒక్కదాన్నే వెళ్ళొస్తున్నా."

"నయమవుతుందన్నారా?"

ఆవిడ ఆయన చేతిని తల మీంచి తీసి చెంపకు ఆనించుకుంది. మాస్టారు ఆ తలను గుండెకు అదుముకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నారు. ఆవిడ ఆయన వీపు నిమురుతూ ఏడవనిచ్చింది.

"రేపట్నుంచి నాతోపాటు పొయ్యి దగ్గరికి రండి," అంది చివరికి. "పాలు పొంగుతున్నాయో లేదో ఆ ఫోను చెబుతుందేమో చూద్దాం. నా తర్వాత మీకు చూసి చెప్పేది అదేగా."