ఆకుపచ్చ జంగు

ఆ కాలంలో, అంటే నాకు ఇరవై ఏళ్లు నిండిన కొత్తలో, లెక్కకు అందనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. (బడి ఎనిమిదితోనే ఆగింది, ఎక్కాలు మాత్రం సొంతంగా పంతొమ్మిది దాకా నేర్చుకున్నాను. ఇరవయ్యోది మరీ సులువని వదిలేశాను.) జహీరాబాద్ నుంచి ఝరాసంగం దాకా మా మేనమామ పాత జీపులో జనాన్ని తోలేవాడు. బండి బాగోగులు నావి. దసరాకు బండిని పూజలో పెట్టాలి కదా, కొత్తగా కనబడాలని దీపాలన్నీ ఊడదీసి, వాటి కింద కూడా వదలకుండా రెండు పూతలు ఆకుపచ్చ రంగు వేశాను. ఎవరికీ కనబడని చోట కూడా శ్రద్ధ చూపానని ఎంత మురిసిపోయానో!

పండగ మర్నాటి నుంచి కుడివైపు దీపాలకు పిచ్చి పట్టింది. హెడ్‌లైట్ వేస్తే అది వెలగదు, సైడ్‌లైట్ మినుకుమంటుంది. ఇండికేటర్ వేస్తే సైడ్‌లైట్ కూడా దానితోపాటు కొట్టుకుంటుంది. చిరాగ్‌పల్లి అవ్వ ఒకామె ఎక్కబోతూ ఆగిపోయి, "ఏం జీపురా నాయనా, ముసల్దాన్ని, నన్ను జూసి గూడ కన్నుగొడ్తున్నది!" అంది. బండిలో అందరూ నవ్వారు, మామ తప్ప. "సోమారం లోపట లైట్లు మంచిగ గాకుంటే బండి తుక్కుల అమ్ముత. నువ్వు మొగుడంపల్లికి వోయి ఎడ్లు గాసుకో అల్లుడా" అన్నాడు. మామ ఉత్తమాట అనడు. మొగుడంపల్లి మా సొంతూరు, అక్కడ నాకున్న పని నిజంగానే ఎడ్లు కాయడమే.

బల్బులు రెండుసార్లు మార్చాను. ఫలితం లేదు. అప్పుడిక లెక్కకు దిగాను. హెడ్‌లైట్ స్విచ్‌కు రెండు స్థితులు, సైడ్‌లైట్‌కు రెండు, ఇండికేటర్‌కు మూడు. మొత్తం పన్నెండు తీర్లు. నోటుబుక్కులో పన్నెండు వరుసలు గీసి, ఒక్కొక్కటే వేసి చూసి, ఏది వెలిగిందో ఏది ఆరిందో రాశాను. పట్టిక చూడముచ్చటగా వచ్చింది. దీపం మాత్రం రాలేదు.

సోమవారం పొద్దున మామ, నేను బీదర్ రోడ్డులోని మిస్త్రీ చాచా షెడ్డుకు పోయాం. చాచా నా పట్టికను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. "శానా మెహనత్ జేసినవ్ బేటా. కరెంటు వొయ్యే తొవ్వంత రాసినవ్. మళ్లొచ్చే తొవ్వ యాడ రాసినవ్?"

కరెంటు తిరిగి వస్తుందని నాకు ఆనాటి దాకా తెలియదు. పోయేది తీగలోంచి, వచ్చేది బండి ఇనుములోంచి. ఆ తోవ మూసుకుంటే పక్క దీపాల్లోంచి దూరి బయటపడుతుందట. చాచా హెడ్‌లైట్ మర విప్పి, దాని కింద గోటితో గీకాడు. ఇనుముకూ దీపానికీ అడ్డంగా ఉన్న ఆకుపచ్చ రంగు పొరలాగా లేచింది, రెండు పూతలూ. ఒకసారి గోరు చూసుకున్నాడు, ఒకసారి నా చొక్కా చేతి మీది ఆకుపచ్చ మరక చూశాడు. నేను మామను చూశాను.

"ఏమాయె మిస్త్రీ?" అన్నాడు మామ.

"పాత బండి గద పటేల్‌సాబ్, జంగ్ వట్టింది" అన్నాడు చాచా. (మా దగ్గర తుప్పును అట్లాగే అంటాం.) "పోరడు గిదంత రాసి తెచ్చిండు గాబట్టి జల్ది దొరికింది."

గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది మర బిగించాడు. పట్టపగలు రెండు హెడ్‌లైట్లూ నిండుగా వెలిగాయి. "మా అల్లుడు లెక్కలల్ల గట్టోడు" అని మామ నా వీపు తట్టాడు. నేను నేల చూపులు చూశాను.

చాచా చెప్పిన ఆ మాటతోనే నా పని నిలబడింది, నేను జహీరాబాద్‌లోనే ఉండిపోయాను. చాచా ఇప్పుడు లేడు. పట్టిక ఉంది. ఆ రోజే పదమూడో వరుస గీసి, అందులో కారణం "జంగు" అని రాశాను. ఇన్నేళ్లలో ఎన్నో బండ్లు చూశాను గానీ, ఆకుపచ్చ జంగు కనబడింది మాత్రం ఆ ఒక్కసారే.