గోడ్‌బోలే మేడం గిన్నె

మా డాక్టర్ కుముద్ గోడ్‌బోలేకి ప్రపంచంలో ఒకే ఒక్క విషయం మీద నమ్మకం ఉండేది. అది హస్తవాసి. చదివిన చదువు, గోడకు వేలాడే బంగారు పతకం, మందు సీసా మీద అచ్చువేసిన మోతాదు, ఇవన్నీ ఆవిడ లెక్కలో తరువాతివి. ముందు చెయ్యి మంచిదై ఉండాలి. చెయ్యి మంచిది కాకపోతే దూది కూడా గుచ్చుకుంటుందని ఆవిడ సిద్ధాంతం.

సాతారా ఊరి బయట పాత ఇటుకబట్టీ స్థలంలో ఉన్న 'ఆసరా' జంతు శరణాలయానికి ఆవిడ పెద్ద డాక్టరు. దానాల మీద నడిచే సంస్థ. బండి కింద పడ్డ కుక్కలు, ఒట్టిపోయాక రోడ్డున వదిలేసిన ఆవులు, కుమ్మరివాళ్ళ ముసలి గాడిదలు, గాలిపటం దారానికి రెక్క తెగిన గద్దలు, అన్నీ మా గేటు ముందుకే వస్తాయి. గోడ్‌బోలే అంటే మరాఠీలో తియ్యగా మాట్లాడేవాళ్ళని అర్థం. ఆవిడ అత్తవారి వంశంలో ఆ పేరు మొదట సంపాదించిన మనిషి ఈవిడ మాట వినకుండానే పోయాడు కాబట్టి సరిపోయింది.

తొమ్మిదేళ్ళ కిందట నేను ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు ఆవిడ నా సర్టిఫికెట్ల ఫైలు తీసి కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

"ఫాళ్కే, పెరుగు తోడు పెట్టడం వచ్చా?"

"ఏమిటి మేడం?"

"పెరుగు. తెల్లగా ఉంటుంది. అన్నంలో కలుపుకుంటారు."

"ఇంట్లో అమ్మ పెడుతుంది మేడం."

"అయితే ఉద్యోగం మీ అమ్మకివ్వమంటావా?"

స్టీలు గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి నా చేత తోడు వేయించింది. గిన్నెకు కట్లు కట్టే ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద నా పేరు రాసి, ఇంటికి పొమ్మంది. మర్నాడు పొద్దున గిన్నె వంచి చూసింది. పెరుగు కదల్లేదు. "రేపటి నుంచి రా," అంది. నా ఫైలు ఈనాటికీ ఆ కిటికీకే ఉంది.

ఇది ఒక్కసారితో తీరే పరీక్ష కాదు. ప్రతి ఆదివారం సాయంత్రం అందరం తలా ఒక గిన్నె తోడు పెట్టాలి. సోమవారం పొద్దున ఆవిడ చెంచా పట్టుకుని వరసగా వంచి చూస్తుంది. గడ్డపెరుగైతే ఆ వారం ఆపరేషన్లు. కాస్త జారితే కుట్లు, కట్లు. నీళ్ళు తేలితే వారమంతా రిజిస్టర్లు రాసుకోవాలి. బండి తోలే నామదేవ్‌కి కూడా గిన్నె ఉంది. అతని పెరుగు పులిసిన వారం బండి వెనక్కి తీసేటప్పుడు ఎవరో ఒకరు దిగి చూడాలని నియమం.

ఒకసారి మా సంస్థ అధ్యక్షుడుగారు దాతలను వెంటబెట్టుకుని వచ్చి, దారిలో కనిపించిన మేకపిల్లను నిమిరారు. అది తుమ్మింది.

"అణ్ణాసాహెబ్, మీ చెయ్యి జేబులో పెట్టుకోండి," అంది మేడం.

"కుముద్‌తాయీ, నేను ఊరికే నిమిరాను."

"దాన్ని నిన్ననే బతికించుకున్నాం. మీరు ఊరికే నిమిరితేనే తుమ్మింది. ప్రేమగా నిమిరితే ఏమయ్యేదో."

పాపం, ఆ పెద్దమనిషి రెండు గంటలూ చేతులు జేబుల్లో పెట్టుకునే తిరిగారు. ఆ ఏడాది మా వార్షిక నివేదికలో ఆయన అన్ని ఫొటోల్లోనూ చలికి వణుకుతున్నట్టే పడ్డారు.

ఇంతకీ అన్నిటికంటే పెద్ద వింత ఏమిటంటే, ఆవిడ గిన్నె ఒక్కనాడూ తోడుకునేది కాదు. సోమవారం పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉండేవి. ఆవిడ దాన్ని మా అందరికీ చూపించి మరీ చెప్పేది.

"చూశారుగా. నా చేతికి గుణం లేదు. కాబట్టి చివరి సూది నాది. మీరెవరూ ఆ ఛాయలకు రాకండి. మంచి చేతులు చెడగొట్టుకుంటే నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?"

చివరి సూది అంటే ఏమిటో మాలాంటి చోట పనిచేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. వెన్ను నాలుగు ముక్కలైన కుక్క, పొట్టనిండా ప్లాస్టిక్ సంచులతో కుప్పకూలిన ఆవు, పిచ్చి ముదిరి ఊచలు కొరికే జంతువు. బాగు చేయలేమని తేలాక నొప్పి లేకుండా పంపించడం కూడా మా వైద్యంలో భాగమే. వారానికి నాలుగైదు ఉండేవి. వెనకవైపు రేకుల గదిలోకి ఆవిడ ఒక్కతే వెళ్ళేది. పది నిమిషాల తరువాత బయటికొచ్చి, ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్ళను ఏదో ఒకటి తిట్టేది. చెప్పులు వరసలో లేవనో, టీలో అల్లం తక్కువైందనో. కన్ను తడి అయినట్టు ఎవరూ చూడలేదు. నామదేవ్ ఆవిడకు చాటుగా 'యముడి గుమాస్తా' అని పేరు పెట్టాడు. మేం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పుడు సిగ్గేస్తుంది.

కిందటి ఏడు డాక్టర్ మృణ్మయీ శిర్కే చేరింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాటకు మాట అప్పజెప్పే రకం. మొదటి సోమవారం ఆమె గిన్నెలో చెంచా నిలబడింది.

"శిర్కే, నీది బంగారం లాంటి చెయ్యి," అంది మేడం.

"పాలు చిక్కగా ఉన్నాయి మేడం. తోడు సరిపోయింది. ఇందులో చేతికేం పని? సూక్ష్మజీవుల పని."

"ఆ సూక్ష్మజీవులకు నీ చెయ్యి నచ్చింది. నోరు నచ్చి ఉండదు."

జూన్‌లో వానలతోపాటు మాకు గ్రహచారం మొదలైంది. గేటు దగ్గర ఎవరో గోనెసంచిలో ఆరు కుక్కపిల్లలను పెట్టి వెళ్ళారు. వాటికి డిస్టెంపర్ ఉందని మాకు నాలుగో రోజున తెలిసింది. కుక్కలకు అది మహమ్మారి. నేరుగా మందు లేదు. ముక్కు కారడంతో మొదలై మెదడుకు ఎక్కుతుంది. ఆ తరువాత మూర్ఛలు. గదులు విడదీశాం, బ్లీచింగ్ చల్లాం, బట్టలు మార్చుకుని తిరిగాం. అయినా ఇరవై రోజుల్లో ముప్ఫై ఒక్క కుక్కలు పడ్డాయి. సగం కూడా లేవలేదు. రేకుల గది తలుపు రోజుకు రెండుసార్లు, మూడుసార్లు మూసుకునేది. ఆవిడ తిట్లు పొడుగవుతూ వచ్చాయి. ఒకరోజు గోడ గడియారం పదే పది నిమిషాలు వెనకబడిందని దాన్నే తిట్టింది.

ఆ మధ్యలోనే కుమ్మరి గాడిద ఒకటి తన్ని ఆవిడ కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా పిండికట్టు. "గాడిదను నేను ఏమీ అనను. నా చెయ్యి సంగతి దానికి కూడా తెలిసిపోయింది," అని ఎడమచేత్తో టీ తాగింది.

మృణ్మయి ఒక కుక్కను పట్టుదలగా కాపాడుకొస్తోంది. ఒక చెవి చిరిగిన నల్లకుక్క. అందరికంటే ముందు నడుస్తుందని దానికి 'సర్పంచ్' అని పేరు. పంతొమ్మిది రోజులు ఆమె చేత్తోనే గంజి తాగింది. ఇరవయ్యో రోజు పొద్దున మూర్ఛలు మొదలయ్యాయి. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. ఏ మందుకూ ఆగలేదు. తొమ్మిదిన్నరకల్లా మా ముగ్గురికీ విషయం అర్థమైంది.

"నేనే ఇస్తాను," అంది మృణ్మయి.

"వద్దు," అంది మేడం.

"మీకు చెయ్యి లేదు మేడం. విరిగింది."

"ఎడమది ఉంది."

"ఎడమచేత్తో నరం దొరకదు. నాలుగుసార్లు పొడుస్తారు. మీ మూఢనమ్మకం కోసం దాన్ని నాలుగుసార్లు పొడుస్తారా?"

కుక్క కాళ్ళు బల్లకు కొట్టుకుంటున్నాయి. మేడం నా వైపు తిరిగింది.

"ఫాళ్కే, నరం దొరకబుచ్చి సూది పెట్టు. అంతవరకే. మందు నేను ఎక్కిస్తాను. సూది నీది, మందు నాది. అలా అయితే నీ చేతికి ఏమీ కాదు."

నేను సూది పెట్టాను. మృణ్మయి దాని తల చేతుల్లో పట్టుకుంది. ఆవిడ ఎడమచేతి బొటనవేలితో నెమ్మదిగా నొక్కింది. కాళ్ళు ఆగాయి. ఆవిడ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "టైము పదీ అయిదు," అంది.

మృణ్మయి కదల్లేదు.

"శిర్కే, పోయి చేతులు కడుక్కో."

"నేనేం చెయ్యలేదు కదా. మీరు చెయ్యనివ్వలేదు కదా."

"చెయ్యలేదు. అది గుర్తుపెట్టుకో."

మృణ్మయి నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి రాజీనామా రాయడం మొదలుపెట్టింది. ఇలాంటి మూర్ఖురాలి కింద తను పనిచెయ్యలేనంది. నేను బతిమాలుతున్నాను, ఆమె రాస్తోంది. నేల తుడుస్తున్న శేవంతా మావశి గుడ్డ పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. మావశి అంటే పిన్ని; అక్కడ అందరికంటే పాతమనిషి. గిన్నెలు కడిగేది కూడా ఆమే.

"హేరంబ్ అని ఒక డాక్టరుండేవాడమ్మా," అంది. "పదకొండేళ్ళయింది. నీ ఈడే. వాడి చెయ్యి పడితే జంతువుకు నొప్పే తెలిసేది కాదు. అందుకని ఈవిడే వాణ్ణి ఆ రేకుల గది పనిలో వేసింది. ఆ ఏడూ ఇదే రోగం. రెండు వారాల్లో నలభై కుక్కలు, అన్నీ వాడి చేతి మీదుగానే. ఆ తరవాత వాడు ఎడమచేత్తో అన్నం తినడం మొదలెట్టాడు. ఎందుకురా నాయనా అంటే నవ్వేవాడు. ఒకరోజు రావడం మానేశాడు. ఇప్పుడు కరాడ్‌లో పైపులు అమ్ముకుంటున్నాడు. దుకాణం మెట్టు మీద కుక్క పడుకుంటే పక్కవాణ్ణి పిలిచి లేపిస్తాడంట. ఈవిడ రెండుసార్లు వెళ్ళింది. లోపలికి పోయి తలుపేసుకున్నాడు."

"మరి ఈ హస్తవాసి గోల?" అన్నాను నేను.

"వాడు మానేసిన తరవాతి సోమవారం మొదలైంది. అంతకుముందు ఈవిడకు అమావాస్యా లేదు, పున్నమీ లేదు. పిల్లి ఎదురొస్తే ఎత్తుకుని నులిపురుగుల మందు వేసే మనిషి."

"కానీ మావశీ, ఆవిడ పెరుగు తొమ్మిదేళ్ళలో ఒక్కసారి తోడుకోలేదు. నా కళ్ళతో చూశాను."

"తోడు వేస్తే కదయ్యా తోడుకునేది. గిన్నె కడిగేదాన్ని నాకు తెలీదా? ఒట్టి పాలు పోసి మూత పెడుతుంది."

మృణ్మయి కలం ఆగిపోయింది. తొమ్మిదేళ్ళకు వారానికి నాలుగైదు చొప్పున ఎన్నవుతాయో నా మనసు లెక్క కడుతోంది. వద్దనుకున్నా కడుతోంది. అవన్నీ మా అందరి బదులు ఒక్క మనిషి చేతి మీదుగా పోయాయి. మేం దానికి పేరు పెట్టి నవ్వాం. ఎంత గుడ్డివాళ్ళం.

"మమ్మల్ని కాపాడింది సరే. మరి ఆవిడ చెయ్యి?" అంది మృణ్మయి.

"ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరడిగారు?" అని మావశి మళ్ళీ గుడ్డ అందుకుంది.

మృణ్మయి కాగితం మడిచి చెత్తబుట్టలో వేసింది. ఆవిడతో వాదించి లాభం లేదని మాకు తెలుసు. ఆవిడతో మాట్లాడాలంటే ఆవిడ భాషలోనే మాట్లాడాలి. ఆదివారం సాయంత్రం మేమిద్దరం పాలు పోశాం, పేర్లు రాశాం, మూతలు పెట్టాం.

సోమవారం పొద్దున మేడం చెంచా ఎడమచేత్తో పట్టుకుని వచ్చింది. నా గిన్నె వంచింది. పాలు. మృణ్మయి గిన్నె వంచింది. పాలు. తన గిన్నె వంచి చూడాల్సిన పని లేదు. నాలుగోది నామదేవ్‌ది. అదీ పాలే.

ఆవిడ నాలుగు గిన్నెలనూ మళ్ళీ ఒకసారి చూసి చెంచా కింద పెట్టింది.

"వానలకు చలి ఎక్కువైంది మేడం," అన్నాను.

"ఈ వారం ఎవరికీ హస్తవాసి లేనట్టుంది," అంది మృణ్మయి. "చివరి సూదికి వంతులు వేసుకోవాలి. నియమం నియమమే."

మేడం ఆమె ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. తరువాత నామదేవ్ వైపు తిరిగింది.

"నువ్వు బండి తోలేవాడివి కదరా. నీకు వంతు లేదు కదా. నువ్వెందుకు పాలు పాడు చేశావు?"

నామదేవ్ నీళ్ళు నమిలాడు. "వీళ్ళిద్దరూ తోడు వెయ్యడం లేదంటే, నేనొక్కణ్ణీ వేస్తే బాగుండదని నేనూ మానేశాను బాయీ."

మృణ్మయి నెత్తి కొట్టుకుంది. మేడం గోడకున్న బోర్డు దగ్గరికి వెళ్ళి మా వైపు వీపు పెట్టి నిలబడింది. ఆవిడ భుజాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. మేం కిటికీలోంచి బయటికి చూశాం. చాలాసేపటికి సుద్దముక్క తీసుకుని, ఎడమచేతి వంకర అక్షరాలతో 'చివరి సూది' అని రాసి, కింద మూడు పేర్లు రాసింది. ఫాళ్కే, శిర్కే, గోడ్‌బోలే.

"సూది అయ్యాక ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదు. ఎవరి వంతైనా మిగతా ఇద్దరూ తలుపు బయట ఉండాలి. అన్నం మానితే ఊరుకోను," అంది. ఇంతలో టీ వచ్చింది. అల్లం తక్కువైందని అందరినీ కలిపి తిట్టింది.

మంగళవారం నా వంతు వచ్చింది. లారీ కింద పడ్డ ఆడకుక్క. ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. బయటికొచ్చేసరికి తలుపు పక్కన ఇద్దరూ ఉన్నారు. మేడం నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి భోజనం దగ్గర కూర్చోబెట్టింది. నేను కుడిచేత్తో తినేవరకూ ఎదురుగా కూర్చుంది.

ఆ ఆదివారం మావశి అడిగింది, "ఇంకా పాలు తెప్పించాలా, ఈ నాటకం ఆపుతారా?"

"తెప్పించు. ఈసారి నా గిన్నెలో నేనూ తోడు వేస్తాను," అంది మేడం.

సోమవారం అందరం ఆవిడ గిన్నె చుట్టూ చేరాం. నిజం చెప్పాలంటే తోడు మరీ ఎక్కువ వేసింది. పెరుగు పల్చగా ఉంది, పులుపుకు పళ్ళు జివ్వుమన్నాయి. ఎలా ఉందని ఆవిడ అడిగింది. బ్రహ్మాండంగా ఉందని చెప్పి తలా రెండు గరిటెలు వేసుకుని తిన్నాం.