మంచుబండి ఉస్తాద్

మాదాపూర్‌లో మా ఆఫీసు పక్కన లేతు మిషన్ షెడ్డు ఉండేది. దాని ఉస్తాద్ ఎవరితో మాట్లాడుతున్నా వేళ్ల మధ్య ఒక స్క్రూ తిప్పుతూనే ఉండేవాడు. గోడకు పాత పత్రికలోని బొమ్మ అంటించుకున్నాడు. చక్రాలకు బదులు స్క్రూలాంటి చుట్లున్న రెండు పీపాలతో మంచులో పోయే బండి అది.

"గింత మంచి బండిని ఎందుకు ఇడిసిపెట్టిన్రు సార్?" అని నన్ను అడిగేవాడు.

ఒక వానాకాలం పాత మోపెడ్ ఇంజనుతో అలాంటిదే చిన్నది చేశాడు. హైటెక్ సిటీ కోసం తవ్విన చోట బురదలో అది హాయిగా సాగిపోయింది. కొత్త తారురోడ్డు ఎక్కగానే గీరుకుంటూ పక్కకు దొర్లి ఆగింది. ఆయన వేళ్లలో స్క్రూ కూడా ఆగింది.

ఇద్దరం బండిని మోసుకొస్తుంటే అన్నాడు: "ఇగ సమజైంది సార్. మంచు దాకా దీన్ని గిట్లనే మోయాలె."

మర్నాడు చూస్తే, గోడమీది బొమ్మకు పెన్సిల్‌తో నాలుగు చక్రాలు గీసి ఉన్నాయి.