పుల్పిట్ మూడు మెట్లు

వార్నిష్ వాసన తగిలితే నాకు మేముండే క్యాంప్ 2 బస్తీలోని మా తెలుగు చర్చి గుర్తొస్తుంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పాత పాస్టరు అయ్యగారు చనిపోయారు. కొత్త పాస్టరు వచ్చేదాకా వాక్యం చెప్పే పని మా పెద్దమ్మకి అప్పగించారు. అయితే ఆడమనిషి పుల్పిట్, అంటే అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే ఆ వార్నిష్ చెక్క వేదిక, ఎక్కకూడదని, ఆమెకి మైకు కింద నేలమీదే పెట్టించేవారు. ఆ సంగతి నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులతో ఆ మూడు మెట్లూ ఎక్కలేకపోతోందనుకున్నాను.

ఒక ఆదివారం పాటలు అయిపోగానే లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“రా పెద్దమ్మా, నన్ను పట్టుకుని ఎక్కు.”

ఆమె నా భుజం పట్టుకుంది. తర్వాత ఎక్కి, బైబిలు తెరిచింది.

ముందు వరసలోంచి సంఘ పెద్ద లేచాడు. “ఏటమ్మా, నువ్వే అయ్యగారు అయిపోదావనేటి?”

మగవాళ్లు నవ్వారు.

“చిన్నపిల్ల బాబూ, దానికి తెల్దు,” అంటూ పెద్దమ్మ దిగిపోయింది.

పై వారం నుంచి వాక్యం ఆ పెద్దే చెప్పాడు. పెద్దమ్మకి మరి మైకు ఇవ్వలేదు. నా డైరీలో మాత్రం ఆ రోజు “పెద్దమ్మకి సాయం చేశాను” అని ఉంది.

నియమం ఆమెకి తెలుసు. తెలిసే ఎక్కింది. అంతకుముందు ఆమెను పైకి రమ్మని ఎవరూ పిలవలేదని నాకు చాలా ఏళ్లకి గాని తట్టలేదు.